కొండ ముందు మనిషి

మహాపర్వతాన్ని చూచినప్పుడు ఆనందమూ భయమూ ఒక్కసారే కలుగుతాయి. ఈ అనుభవాన్ని ఐర్లండు దేశీయుడైన ఎడ్మండ్ బర్క్ 1757లో చర్చించి, సౌందర్యం వేరు, ఉదాత్తత వేరు అన్నాడు. నునుపు, సౌకుమార్యం సౌందర్య లక్షణాలు. విస్తారం, అస్పష్టత, శక్తి ఉదాత్తతకు లక్షణాలు. ఉదాత్తతకు మూలం భయమే. కాని అపాయం మనకు తగలనంత దూరాన ఉంటేనే అది ఆనందమవుతుంది. మన ఆలంకారికులు భయాన్ని భయానకానికి, విస్మయాన్ని అద్భుతానికి స్థాయిభావాలుగా చెప్పారు. పర్వతచిత్రాలలో ఈ రెండు రసాలూ కలిసే ఉంటాయి. వీటిలో ఏది ముందు నడుస్తుందో తెలుసుకొనడానికి రెండు చిత్రాలను శ్రోతల ముందు ఉంచుతున్నాము.

మొదటిది ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1812లో ప్రదర్శించినది. క్రీస్తు పూర్వం 218లో హానిబాల్ సైన్యంతో ఆల్ప్సు పర్వతాలను దాటడం అందులోని విషయం. అయితే సేనాపతి కోసం వెదికితే కంటికి ఆనడు. నల్లని మంచుతుఫాను అలవలె లేచి ఆకాశాన్ని కప్పివేసింది. దూరాన చీమంత ఏనుగు. రోమును గడగడలాడించిన వీరుడు అక్కడ లెక్కలోనికి రాడు. ఇక్కడ భయమే ముందు నడుస్తున్నది.

రెండవది దానికి సుమారు 800 ఏండ్లకు పూర్వపుది. చైనాలో ఉత్తర సుంగ్ వంశపు కాలాన ఫాన్ క్వాన్ పట్టుమీద సిరాతో, లేత రంగులతో చిత్రించాడు. అది తైపే నగరంలోని జాతీయ రాజప్రాసాద మ్యూజియంలో ఉన్నది. ఎత్తు 206 సెంటీమీటర్లు. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులను ఒక్క కొండే ఆక్రమించింది. వాన చినుకుల వంటి సన్నని కుంచె గీతలను లెక్కలేనన్ని కూర్చి రాతి గరుకుదనాన్ని తెచ్చాడు. కొండచీలికలో దారం వంటి జలపాతం. పాదాన పొగమంచు, అందువల్ల కొండ నేలను విడిచి లేచినట్లు తోస్తుంది. అడుగున, కుడి ప్రక్కన, బరువులు మోసే కంచరగాడిదలను తోలుకొంటూ ఇద్దరు మనుష్యులు. వారిని చూచిన తరువాతగాని ఆ కొండ ఎంతటిదో మనకు తెలియదు.

ఆ బాటసారులు భయపడుతున్నట్లు తోచరు. తమ దారిన తాము పోతున్నారు. టర్నర్ మనిషిని తుఫానుకు ఒప్పగించాడు. ఫాన్ క్వాన్ మనిషికి కొండ నీడన చోటు ఇచ్చాడు. ఇక్కడ ముందు నడిచేది విస్మయం.

1953లో మానవుడు ఎవరెస్టు శిఖరంపై కాలు మోపినాడు. అంతమాత్రాన కొండ చిన్నదయినదా? తన కొలత తాను ఎరిగినవానికే కొండ పూర్తిగా కనిపిస్తుందని ఫాన్ క్వాన్ చిత్రం చెపుతున్నది. ఆ చిత్రంలో ఆయన సంతకం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1958లో అది బయటపడింది. గాడిదల వెనుక, ఆకుల సందున, రెండే రెండు అక్షరాలు.