జొన్నరొట్టెలో గోధుమ

(సాంస్కృతిక సంఘ సమావేశమున గావించిన ప్రసంగపాఠము)



సూరతు నగరమున ఉధ్నాకు చేరువనున్న డిండోలి పేరు ఈ సభలో కొందరికి క్రొత్తగా తోచవచ్చును. ఆ నగరమున మరమగ్గములు పెరిగినకొలది కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నేతపనివారు కుటుంబములతో అక్కడికి తరలిపోయిరి. లింబాయత్, ఉధ్నా, డిండోలి వాడలలో తెలుగు మాట చెవిని పడుట నేడు వింత గాదు. మనుష్యులతోపాటు వారి తిండియు పోయినది. జొన్నరొట్టె పోయినది, సకినాలు పోయినవి, సర్వపిండి పోయినది. పిండి ఆడించు మరను వారు ఊరిలోవలెనే గిర్నీ అందురు. గుజరాతీలు ఘంటి అందురు. నేటి ప్రసంగవిషయము ఆ గిర్నీ ముందరనే మొదలగును.

ఒక ఇల్లాలిని ఊహించుకొనుడు. ఆమెకు ఏడేండ్ల కుమారుడు. కడుపు ఉబ్బి, కాళ్లు చేతులు సన్నబడి, మాటిమాటికి విరేచనములతో నీరసించుచుండెను. ఇనుము మందులు ఎన్ని వాడినను రక్తము పట్టలేదు. తుదకు పెద్దాసుపత్రిలో పరీక్షలు జరిపి, ఇది సీలియాక్ వ్యాధి, గోధుమ ముట్టరాదని వైద్యులు చెప్పిరి. నాటినుండి పిల్లవానికి చపాతీ ఆగినది, రొట్టెముక్క ఆగినది. జొన్నరొట్టె మన సొంత తిండియే గదా యని తల్లి ఊరట చెందినది. డబ్బాలో ఐదు కిలోల జొన్నలు పోసికొని గిర్నీకి పోయినది. వరుసలో ఆమెకు ముందున్నవారు గోధుమలు ఆడించుకొనిరి. మరవాడు గొట్టమునకు కట్టిన గుడ్డను రెండుసార్లు తట్టి, "అంతా వచ్చేసింది బెన్, ఇక మీవి పోయండి" అనెను. ఆమె పోసినది.

మూడు నెలలు గడచినను పిల్లవాడు కోలుకొనలేదు. అత్తగారు దిష్టి యనిరి. ఇరుగుపొరుగువారు వైద్యునికి చేతగాలేదనిరి. కొందరు, తల్లి చాటుగా ఏదో పెట్టుచున్నదని కూడ అనిరి. గిర్నీ మాట ఎవరికిని తోచలేదు.

ఈ ఇల్లాలు కల్పితయే. కాని ఆ గిర్నీ కల్పితము కాదు. మన దేశమున ప్రతి వాడలోను ఉన్నది.

ఇంతకును గోధుమలో నున్న దోషమేమి? మైదాపిండిని ముద్దచేసి నీటిధార క్రింద పిసుకుచు కడిగినచో తెల్లని గంజి కొట్టుకొనిపోయి, సాగెడు జిగురు చేతిలో మిగులును. ఇటలీలోని బొలోన్యా నగరమున బెక్కారి అను పండితుడు 18వ శతాబ్దిలో దీనిని వేరుచేసి వర్ణించెను. దానికే గ్లూటెన్ అని పేరు. లాటిను భాషలో జిగురు అని యర్థము. అది యొకవిధమైన మాంసకృత్తు. చపాతీ చిరగక పలుచన సాగుటకును, బ్రెడ్డు పొంగుటకును అదియే కారణము. జొన్నరొట్టెను కఱ్ఱతో ఒత్తక అరచేత తట్టుట జొన్నలో ఆ జిగురు లేకపోవుటచేతనే. వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, మొక్కజొన్న, పప్పులు, వీనిలో అది లేదు. గోధుమలోను, దాని చుట్టములైన యవలలోను, రై అను శీతలదేశ ధాన్యములోను కలదు.

నూటికి తొంబదితొమ్మిదిమందికి ఆ జిగురువలన ఏ హానియు లేదు. పుట్టుకతో కొన్ని లక్షణములు గల కొందరియందు మాత్రము శరీరరక్షణశక్తి దానిని శత్రువుగా నెంచి, ఆ పోరాటమున తన చిన్నప్రేవునే గాయపరచుకొనును. ప్రేవు లోపలి గోడపై వెల్వెట్టు గుడ్డపై నూగువలె సన్నని మొలకలుండును. ఆహారసారమును పీల్చుకొనునవి అవియే. అవి అరిగిపోయినపుడు ఎంత తినినను ఒంటబట్టదు. పిల్లలు ఎదుగరు. పెద్దలలో రక్తహీనత, ఎముకల బలహీనత, నోటిపూత వంటివి మాత్రమే కనబడి అసలు వ్యాధి మరుగుపడుటయు కలదు. దీనికి మందు లేదు. గ్లూటెనును జీవితాంతము పూర్తిగా విడుచుటయే చికిత్స. విడిచినచో ఆ మొలకలు మరల మొలచును. పిల్లవాడు మరల పెరుగును.

ఈ సంగతి లోకమునకు తెలిసి ఎంతో కాలము కాలేదు. 1888లో లండనులో శామ్యూల్ గీ అను వైద్యుడు వ్యాధిని చక్కగా వర్ణించి, నయమగుటకు మార్గము ఆహారముననే యుండవలెనని చెప్పెను. ఏ ఆహారమో చెప్పలేకపోయెను. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అను వైద్యుడు పిల్లలకు అరటిపండ్లు తినిపించి కోలుకొనజేసెను. అరటిపండులో ఏదో మహిమ కలదని చాలకాలము నమ్మిరి. మహిమ అరటిపండుది కాదు, దానికి చోటిచ్చి తప్పుకొన్న రొట్టెది! హాలెండులో విల్లెం డికె అను శిశువైద్యునకు గోధుమపై ముందునుండియు అనుమానముండెను. 1944-45 శీతకాలమున యుద్ధమువలన ఆ దేశపు పశ్చిమభాగమున ఘోరమైన క్షామము వచ్చినది. జనులు తులిప్ పూల దుంపలు తినిరి. రొట్టె దొరకని ఆ దినములలో ఈ వ్యాధిగల పిల్లలు చిత్రముగా తేరుకొనిరి. రొట్టె తిరిగి వచ్చినంతనే వ్యాధియు తిరిగి వచ్చినది. డికె తన పరిశోధనను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. ఊరంతయు ఆకలితో నుండగా కోలుకొన్న ఆ బిడ్డలను తలచుకొన్నపుడు మనసు ఒకవిధముగా కలతపడును.

అన్నము తినెడు తెలుగువారికి ఈ గొడవ ఏల యని కొందరనవచ్చును. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో దేశపు మూడు భాగములలో 23 వేలకు పైబడిన పెద్దలను పరీక్షించిరి. ఉత్తరాదిని నూటికి 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, దక్షిణాదిని 0.10 మందికి ఈ వ్యాధిని సూచించు ప్రతిపదార్థములు కనబడినవి. దక్షిణాదివారు ధన్యులని సంతోషించుటకు ముందు రెండవ మాట వినవలెను. వ్యాధికి అవసరమైన జన్మలక్షణము మూడు భాగములలోను ఇంచుమించు మూడింట ఒకవంతు మందికి ఉన్నది. భేదము రక్తములో అంతగా లేదు, కంచములో ఉన్నది. ఆ లక్షణము గలవారిలో అత్యధికులకు వ్యాధి రాదన్నది నిజమే. ఐనను కంచము మారినపుడు ఏమగునో ఆలోచింపదగినది. డిండోలిలో రేషను దుకాణమున బియ్యముతోపాటు గోధుమలును ఇత్తురు. ఉదయము టీతో బిస్కట్టు, మధ్యాహ్నము రోటీ, సాయంకాలము ఫర్సాన్. ఢిల్లీలో ఉద్యోగము చేయు తెలుగు కుటుంబము కంచమును దీనికి భిన్నము కాదు.

ఇక లెక్క చూడవలెను. అంతర్జాతీయ ఆహారప్రమాణ సంస్థయైన కోడెక్స్ వారును, మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవారును, కిలో పదార్థమునకు 20 మిల్లీగ్రాములు మించని దానినే గ్లూటెన్ రహితమని పిలువనిత్తురు. ఇటలీవారు 2007లో ప్రకటించిన పరీక్షలో, పథ్యములో నున్న రోగులకు దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడునెలలు ఇచ్చినంతమాత్రమున ప్రేవు చెడినది. 50 మిల్లీగ్రాములనగా ఎంత? సుమారు అర గ్రాము గోధుమపిండి. ఒక చపాతీలో యాభయ్యవ వంతు. గిర్నీ రాళ్లలోను గొట్టములోను గుప్పెడు గోధుమపిండి, అనగా యాభై గ్రాములు, నిలిచిపోయి ఆ తల్లి ఐదు కిలోల జొన్నపిండిలో కలిసినదనుకొనుడు. కిలోకు తొమ్మిదివందల మిల్లీగ్రాములు! ప్రమాణమునకు నలుబదియైదు రెట్లు. పిల్లవాడు దినమునకు రెండు రొట్టెలు తినినచో ప్రేవు కోలుకొనునెట్లు? తల్లి వంచింపలేదు, వైద్యుడు పొరబడలేదు, మరవాడును తన దృష్టిలో సత్యమే పలికెను.

ఈ కలగలుపు మన గిర్నీలకే పరిమితము కాదు. 2010లో అమెరికాలో స్వభావముచేత గ్లూటెన్ లేని ధాన్యములు, పిండ్లు 22 నమూనాలు తీసి పరీక్షింపగా 7 నమూనాలలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాముల ప్రమాణమును మించినది. పొలమున ప్రక్కచేను, కోత యంత్రము, గోనెసంచి, దుకాణపువాని కొలపాత్ర, ఎక్కడనైనను అంటుకొనవచ్చును.

గిర్నీ దాటి వంటింటికి వచ్చినచో మొదట పట్టుబడవలసినది ఇంగువ. పులిహోర, చారు, మాగాయ, మినప అప్పడము, ఇంగువ లేనిదే తెలుగు నాలుకకు రుచి లేదు. అఫ్గనిస్థాను, ఇరాను వైపునుండి వచ్చు అసలు ఇంగువ ఘాటును తట్టుకొనుట కష్టము గనుక దానికి తుమ్మజిగురును, ఏదో యొక పిండిని కలిపి అమ్ముదురు. ఇది కల్తీ కాదు. తినదగిన ధాన్యపు పిండిని కలుపుటకు మన ఆహార నిబంధనలే అనుమతించుచున్నవి. ఆ పిండి తరచుగా గోధుమపిండి లేక మైదా. బియ్యపుపిండి కలిపినవియు దొరకును. డబ్బా వెనుక సన్నని అక్షరములు చదివిననే గాని ఏది ఏదో తెలియదు.

రెండవది బొంబాయిరవ్వ. గోధుమలు పూర్తిగా మానితిమి, ఉప్మా మాత్రమే పెట్టుచున్నామను అమాయకులు కలరు. బొంబాయిరవ్వ గోధుమయే, సేమియా గోధుమయే, కాజాయు బొబ్బట్టుపై పూతయు మైదాయే. పూతరేకు మాత్రము బియ్యముది. అన్నిటికంటె విచారకరమైనది మాల్టు పొడులు. పిల్లవాడు చిక్కిపోవుచున్నాడని ఆప్యాయముతో తల్లి పాలలో కలిపి యిచ్చు పొడిలో మొలకెత్తిన యవలు, గోధుమలు ఉండుట సామాన్యము. మొక్కజొన్న అటుకులకు రుచికై మాల్టు చేర్చుదురు. సోయా సాసు తయారీలో గోధుమ వాడుట పూర్వాచారము. సూపు పొట్లములలో చిక్కదనమునకు మైదా. సూరతులో చలికాలమున అమ్ము పోంక్, అనగా మన ఊచబియ్యము, కేవలము లేతజొన్న. దానిని నిర్భయముగా తినవచ్చునని సంతోషించులోపల, దుకాణమున దాని ప్రక్కనే సేవు రాసులు, అదే గరిటె. శనగపిండి గాఠియాలో గోధుమ లేదుగాని, పూరీలు వేయించిన నూనెలోనే దానిని వేయించినచో ఏమి ప్రయోజనము?

మన దేశమున 2020లో వెలువడిన లేబులు నిబంధనలు గ్లూటెన్ గల ధాన్యములున్నచో పొట్లముపై విడిగా తెలుపవలెనని శాసించినవి. మంచి నిబంధన. కాని పళ్లెములలో పోసి విడిగా అమ్ము మిఠాయికిని ఫర్సానుకును పొట్లమేది, లేబులేది? పొట్లమున్నను దానిపై విధిగా ఉండవలసినది ఇంగ్లీషు లేక హిందీ. తెలుగు మాత్రమే చదువగల తల్లికి ఆ ప్రకటన ఉన్నను లేనట్లే. ఈ సంఘమువంటివారు చేయగల చిన్నపని ఇక్కడ కలదు. గేహూ అనగా గోధుమ, ఆటా అనగా గోధుమపిండి, సూజీ, రవా రెండును బొంబాయిరవ్వయే, దలియా గోధుమనూక, జౌ అనగా యవలు, గుజరాతీలో ఘఉఁ అన్నను గోధుమయే. ఈ మాటలను వాని హిందీ, ఇంగ్లీషు, గుజరాతీ రూపములతో ఎదురెదురుగా తెలుగున వ్రాసిన యొక కాగితము అట్టి ఇంటి గోడకు అంటించినచో, నిబంధన అప్పుడు ఆ ఇంటికి చేరినట్లు.

మరియొక మాట. ఈ మధ్య గ్లూటెన్ రహితమను ముద్ర ఒక వేడుకగా మారినది. ఏ రోగమును లేనివారు సన్నబడుటకై గోధుమ విడిచి, ఆ ముద్రగల పొట్లములకు ఎక్కువ వెల యిచ్చుచున్నారు. వారి ధనము వారిష్టము. కాని అనుమానము గలవారు మాత్రము పరీక్షకు ముందు గోధుమ మానరాదు. రక్తములో చూచు ప్రతిపదార్థములును, ప్రేవునుండి తీయు చిన్న తునకయు, గోధుమ తినుచున్న కాలముననే సరియైన సాక్ష్యమిచ్చును. మానివేసి పోయినచో వ్యాధి ఉండియు లేదని తేలవచ్చును.

ఇక డిండోలి ఇల్లాలు ఏమి చేయవలెను? గిర్నీలో ముందుగా కొంత ధాన్యము వేసి ఆడించి ఆ పిండిని పారవేయుటవలన కల్మషము తగ్గును. పోవునని చెప్పుటకు వీలులేదు. ఊరిలో అమ్మమ్మ వాడిన తిరగలి యున్నచో, అందు గోధుమ ఎన్నడును విసరకున్నచో, అదియే మేలు. సంక్రాంతి సకినాల పిండికిని అంతే. గుజరాతు ఇండ్లలో విద్యుత్తుతో నడుచు చిన్న పిండిమర వాడుక కలదు. దానిని జొన్నకును బియ్యమునకును మాత్రమే కేటాయింపవచ్చును. మగ్గముపై బ్రదుకు కుటుంబమునకు దాని వెల భారమే. ఒకే వీథిలో నాలుగిండ్లవారు కలిసి కొనుటకు అవకాశము లేకపోలేదు. ఐతే ఆ నాలుగిండ్లలో ఏ యొకరైనను, ఒక్కనాడు, గిర్నీ మూసియున్నదని రెండు గుప్పిళ్ల గోధుమలు దానిలో పోయకుండ చూచుకొనవలెను.