రైతుకు వార్త: అమ్మకపు సరుకా, ప్రజాసేవా?
(సమాఖ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్తను, సరుకును చేరవేయటం మన వృత్తి. మహానగరానికైనా మారుమూల పల్లెకైనా ఒకే వెలకు కార్డు అందించే సంప్రదాయం మనది. కనుక రైతుకు అందే వార్తకు వెల కట్టవచ్చునా అనే ప్రశ్న మనకు పరాయిది కాదు.

2007లో రాయిటర్స్ సంస్థ మహారాష్ట్రలో ‘రాయిటర్స్ మార్కెట్ లైట్’ సేవను ప్రారంభించింది. చందా కట్టిన రైతు మొబైల్ ఫోనుకు మార్కెట్ ధరలు, వాతావరణ సూచనలు, పంట సలహాలు వచ్చేవి. ఆ చందా కార్డులను తపాలా కార్యాలయాలలో కూడ విక్రయించారు. ఉపయోగముంటే రైతు కొనుక్కుంటాడన్నది వ్యాపారుల వాదం.

ఫాఫ్‌షాంప్స్, మింటెన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి 100 గ్రామాలలో ఈ సేవను పరీక్షించారు. కొందరు రైతులకు సంవత్సరం పాటు ఉచితంగా ఇప్పించారు. 2012లో వెలువడిన ఫలితం ప్రకారం, రైతుకు దక్కిన ధరలోగాని, వానల వలన కలిగిన పంట నష్టంలోగాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. సొమ్ము చెల్లించి చేరినవారు కూడ స్వల్పమే.

అయితే వార్త వలన ప్రయోజనం లేదా? ఉన్నది. 1997-2001 మధ్య కేరళ తీరానికి మొబైల్ ఫోన్లు వచ్చినపుడు జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగిందని, చేపల ధర వినియోగదారునికి సుమారు 4 శాతం తగ్గిందని రాబర్ట్ జెన్సెన్ 2007లో నిరూపించారు. సముద్రం మీద ఉండగానే ధర తెలిసింది. పడవ మంచి ధర ఉన్న రేవుకు తిరిగింది.

కాని కమీషన్ వ్యాపారి వద్ద పెట్టుబడికి అప్పు తెచ్చిన రైతు పంటను అతనికే తోలాలి. పొరుగు మార్కెట్టులో ధర హెచ్చుగా ఉన్నదని ఫోను చెప్పినా ఆ బండి ఎటు తిరుగగలదు? నిలువ చేయటానికి గిడ్డంగి లేదు, లారీ కిరాయికి చేతిలో పైకం లేదు. రైతు చందా కట్టకపోవటం అజ్ఞానం కాదు, అనుభవం నేర్పిన లెక్క.

ప్రభుత్వ బాధ్యత కొత్తది కాదు. వాతావరణ శాఖ 1945 నుండే రేడియో ద్వారా రైతులకు వాతావరణ వార్తలు అందించింది. 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లు ఆరంభమైనవి. 2013 జూలై 14న మన దేశం చివరి టెలిగ్రాములను స్వీకరించింది. రెండు రోజులకే, జూలై 16న, ఫోను సందేశాల సేవ ఎం-కిసాన్ ప్రారంభమైంది. సాధనం మారింది, బాధ్యత మారలేదు.

అయితే ఉచితమైనంత మాత్రాన చాలదు. జిల్లా అంతటికీ ఒకే సలహా పంపి చేతులు దులుపుకొంటే రైతు దానిని చదువడు. అతని నేలకు, అతని పంటకు సరిపడు వార్త అతని భాషలో, వేళకు అందాలి. దానితోపాటు సహకార పరపతి, గిడ్డంగి, చిన్న రైతు సరుకుకు సైతం రైలులో చోటు కావాలి.

వార్తను ఉచితంగాను, దానిని వినియోగించుకొనే స్వేచ్ఛను హక్కుగాను రైతుకు సాధించే ఉద్యమంలో మనమంతా భాగస్వాములం కావాలని కోరుతున్నాము.