వార్ధక్యమా? బావినీటి దోషమా?



ఉదయమునుండి విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు చర్చలు జరిగినవి. ఇప్పుడు మేము ముదుసలివారి యెముకలను గూర్చి మాటలాడ నిలిచితిమి. ఇది కొందఱకు వింతగా దోచవచ్చును. కాని యీ పందిటి ముందువరుసలలో, ప్రక్కవారు పలుకరించినపుడు మెడ త్రిప్పలేక మొండెమంతయు త్రిప్పుచున్న పెద్దలను మేము గమనించుచునే యున్నాము. వారిలో పెక్కురు మన నల్లగొండ పల్లెలవారు. అది ముసలితనమని వారనుకొనుచున్నారు. మా తండ్రిగారి విషయమున మేమును అట్లే యనుకొంటిమి. వాతమని యొక వైద్యుడు చెప్పగా నమ్మి, ఏండ్లతరబడి తైలములు మర్దించితిమి. నడుము వంగి, తుదకు కాళ్లు పడిపోయిన పిమ్మటగాని పెరటిబావి నీటిని పరీక్షింప మాకు తోచలేదు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. నాటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ప్రజలయందు దీనిని గుర్తించి, షార్టు మున్నగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. కారణము నీటిలోని ఫ్లోరైడు. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చుననియు భారతప్రమాణము. శరీరమున జేరిన ఫ్లోరైడులో కొంత మూత్రమున పోవును. తక్కినది ఎముకలలో నిలుచును. వయస్సుతో మూత్రపిండములు దుర్బలములగుకొలది పోవునది తగ్గి, నిలుచునది హెచ్చును. వెన్నెముకను బట్టియుండు బంధనములు గట్టిపడి, లోపలి నరములను నొక్కును. గట్టిపడిన వెన్నును మరల వంచు మందు లేదు.

కృష్ణాజలము గొట్టములలో వచ్చినది గదా యందురు. వచ్చినది, సంతోషమే. అయినను నలువది యేండ్లు త్రాగినది ఎముకలలోనే యున్నది. అంతేకాక, మన యిండ్లలో త్రాగుటకు కృష్ణనీరు, వంటకు బోరునీరు వాడుట మేము చూచితిమి. బోరునీటిలో పప్పు మెత్తగా నుడుకునని మా పినతల్లిగారు వాదించిరి. ఆమె మాట అబద్ధము కాదు. ఫ్లోరైడు గల నీటిలో తఱచు సున్నపుపాలు తక్కువ, క్షారగుణమెక్కువ; కనుకనే పప్పు త్వరగా నుడుకును. ఆ గుణమే మనలను మోసగించినది. కాచినచో దోషము పోవదు. నీరింకి మఱింత చిక్కనగును. చేనివద్ద దాహమునకు త్రాగు బోరునీరును లెక్కలోనిదే.

ఆహారమును గూర్చి ఒక మాట. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామిగారలు నల్లగొండలో జొన్న తినువారి బిడ్డలకు మోకాళ్లు లోనికి వంగుటను వెల్లడించిరి. అంతమాత్రమున జొన్నను దూషింపరాదు. నీరు మంచిదైనచోట అది మేలైన ధాన్యమే. సున్నము, సి విటమిను చాలని యొడలికి ఫ్లోరైడు హాని యెక్కువ. కావున పెద్దలకు మజ్జిగ, రాగులు, ఆకుకూరలు, ఉసిరిక లోపింపనీయరాదు. చింతపండు వలన పిల్లల మూత్రమున ఫ్లోరైడు ఎక్కువగా వెడలినదని అదే సంస్థవారు 2002లో ప్రకటించిరి. మన చారు నిరర్థకము కాదు! తేయాకులో మాత్రము ఫ్లోరైడు గలదు. దినమునకు ఆఱుమార్లు తేనీరు త్రాగు తాతలు కొంత తగ్గింపవలెను.

వసతిగృహమునకు మూడవ అంతస్తు వేయ నిశ్చయించితిరి. ఆ ధనములో స్వల్పభాగము నీటిపరీక్షలకు కేటాయింపుడని మా ప్రార్థన. శుభ్రమైన సీసాలు కార్యదర్శిగారి బల్లయొద్ద నుంచితిమి. పోవునప్పుడు ఇంటికొకటి తీసికొని, వంటకు వాడు నీటినే నింపి, ఊరి పేరు వ్రాసి పంపుడు.