పక్కన కూర్చుని నేర్పేవారు
(మానసిక ఆరోగ్య నర్సుల ఉన్నత విద్యపై స్మారకోపన్యాసం)



అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో మానసిక ఆరోగ్య నర్స్ ప్రాక్టీషనర్ల కోర్సుకు డైరెక్టరుగా పనిచేశాను. ఆ పని గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. డైరెక్టరంటే సిలబస్సు, అడ్మిషన్లు, గుర్తింపు సంస్థల తనిఖీలు అనుకుంటాం. అవన్నీ ఉంటాయి, ఎలాగోలా జరిగిపోతాయి కూడా. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళను రాత్రిళ్ళు కూడా వదలని ప్రశ్న మాత్రం ఒకటుంది. వచ్చే సెమిస్టర్లో ఈ పిల్లల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి? నా ఉపన్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

ఈ చదువేమిటో ముందు క్లుప్తంగా చెబుతాను. నర్సింగ్ డిగ్రీ, లైసెన్సు ఉన్నవాళ్ళు ఆపైన మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసి, జాతీయ స్థాయి సర్టిఫికేషన్ పరీక్ష రాస్తారు. అది పాసై రాష్ట్ర అనుమతి పొందాక జబ్బేమిటో తేలుస్తారు, మందులు రాస్తారు, సైకోథెరపీ చేస్తారు. పిల్లల దగ్గర్నుంచి వృద్ధుల దాకా అన్ని వయసులవాళ్ళూ వాళ్ళ దగ్గరికి వస్తారు. సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్ళు స్వతంత్రంగా పనిచేయవచ్చు. మిగిలిన రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో డాక్టరుతో ఒప్పందం ఉండాలి.

నర్స్ ప్రాక్టీషనర్ అనే హోదా 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో పుట్టింది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. మానసిక నర్సింగ్‌లో ఉన్నత విద్యకు పునాది అంతకు ముందే పడింది. 1950లలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో హిల్డెగార్డ్ పెప్లావ్ ఈ రంగంలో నిపుణులైన నర్సులను తయారుచేసే మాస్టర్స్ కోర్సు ప్రారంభించారు. ఆమె పుస్తకం 1948 నాటికే పూర్తయినా 1952 దాకా అచ్చు కాలేదు. డాక్టరు పేరు జతలేకుండా ఒక నర్సు ఒంటరిగా పుస్తకం రాయడమేమిటని ప్రచురణకర్తలు జంకారు. రోగికీ నర్సుకూ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని ఆ పుస్తకం వాదిస్తుంది. మందుల పట్టికలు ఎంత మారినా ఆ మాట పాతబడలేదని నేను నమ్ముతాను.

పెప్లావ్ తన విద్యార్థులతో రోగి సంభాషణను మాట మాటా రాయించేవారు. మేమూ రాయించాం. కాగితాన్ని మూడు నిలువు గళ్ళు చేస్తాం. మొదటి గడిలో రోగి మాటలు, రెండో గడిలో విద్యార్థి మాటలు, మూడో గడిలో ఆ క్షణాన విద్యార్థి మనసులో మెదిలినది. ఒక కాగితం సంగతి చెబుతాను. మనిషి ఆనవాళ్ళు తెలియకుండా వివరాలు మార్చాను. నడివయసాయన. “రాత్రిళ్ళు ఇంట్లో ఉండలేకపోతున్నా” అన్నాడు. విద్యార్థిని వెంటనే “ఎన్ని గంటలు నిద్రపోతున్నారు?” అని అడిగింది. మూడో గడిలో మాత్రం నిజాయితీగా రాసుకుంది: “భయమేసింది. చచ్చిపోవాలని ఉందా అని అడగాల్సి వస్తుందేమో అనుకున్నాను.” పక్కన కూర్చుని నేర్పే అనుభవజ్ఞురాలిని అక్కడ ప్రిసెప్టర్ అంటారు. ఆవిడ పెన్సిలుతో రాసింది ఇంతే: “ఎందుకు ఉండలేకపోతున్నాడో ఆయన చెప్పబోతున్నాడు. నువ్వు నీ ఫారం వైపు తిరిగావు.” మరుసటి వారం ఆ అమ్మాయి సూటిగా అడిగింది. చావాలన్న ఆలోచన ఉందన్నాడు. ఇంట్లో తుపాకీ ఉందా అని కూడా అడిగింది. ఆ దేశంలో అది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. ఉందన్నాడు. ఆ సాయంత్రమే, ఆయన ఒప్పుకోలుతో, ఆయన తమ్ముడు దాన్ని తన ఇంటికి పట్టుకెళ్ళాడు. ఆ పెన్సిలు రాతను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు నేను.

మందుల విషయమూ అంతే. బైపోలార్ రుగ్మతకు లిథియం వాడేవారి రక్తంలో దాని స్థాయి, కిడ్నీల పనితీరు, థైరాయిడ్ చూస్తుండాలని క్లాసులో చెబుతాం, పరీక్షలో రాస్తారు. మోకాళ్ళ నొప్పికి రోజూ ఐబుప్రొఫెన్ మింగుతున్న పెద్దావిడ దాన్ని మందుగా లెక్కవేయదని, అడిగితేగాని చెప్పదని, దానితో లిథియం ప్రమాదకరంగా పెరగవచ్చని ఎదుట ఆమె కూర్చున్నప్పుడే ఒంటబడుతుంది. సైకోసిస్ మందులు ఏళ్ళ తరబడి వాడేవారిలో కొందరికి తమకు తెలియకుండానే నోరు, నాలుక, వేళ్ళు కదలడం మొదలవుతుంది. దాన్ని పట్టుకోవడానికి రోగిని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోమంటాం, నాలుక చాపమంటాం, బొటనవేలితో మిగతా వేళ్ళను చకచకా తాకమంటాం, నాలుగడుగులు నడవమంటాం. రోగి చూపు వేళ్ళ మీద ఉన్నప్పుడు నర్సు చూపు నోటి మీద ఉండాలి. ఆ కిటుకు ఒకరు చూపిస్తేనే వస్తుంది.

చాలాకాలం ఈ కోర్సుల్లో కనీసం 500 గంటలు రోగుల దగ్గర గడపాలనేది నియమం. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు దాన్ని 750 చేశాయి. మంచిదే. మరి ఆ గంటలు ఎవరి దగ్గర? విద్యార్థి పక్కనుంటే క్లినిక్ నెమ్మదిస్తుంది. రోజుకు ఎంతమందిని చూశారన్నదాన్ని బట్టి జీతాలు తేలే చోట నెమ్మదించడమంటే సొంత డబ్బు పోగొట్టుకోవడమే. చాలాచోట్ల ప్రిసెప్టర్లకు ఒక్క డాలరూ ముట్టదు, మహా అయితే ఒక సర్టిఫికెట్టు. ఫీజు కట్టించుకుని, నేర్పేవాళ్ళను మీరే వెతుక్కోండని విద్యార్థుల్ని వదిలేసే కోర్సులున్నాయి. పగలు వార్డులో డ్యూటీ చేసి, రాత్రి ముక్కూమొహం తెలియని క్లినిక్కులకు ఈమెయిళ్ళు రాసే ఆ పిల్లల అవస్థ నాకు తెలుసు. దాన్ని చదువు అనడం నాకు ఇష్టం లేదు. సీట్లు పెంచమన్న ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ నేను ఒకటే లెక్క ముందుంచాను: నేర్పడానికి ఒప్పుకుని సంతకం పెట్టిన ప్రిసెప్టర్లు ఎందరో సీట్లూ అన్నే. డైరెక్టరు చేతిలో ఉన్న నిజమైన అధికారం “వద్దు” అనగలగడమే, దాన్ని వాడాలి.

ఇక మన సంగతి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు. ఇక్కడ ఇంతకంటే మెరుగ్గా ఉందనుకోవడానికి నాకు కారణం కనిపించదు. మన నర్సులకు సొంతంగా మందు రాసే అధికారం లేదు, అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి దించమని నేననను. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదైన మానసిక ఆరోగ్య నర్సును నిపుణుల జాబితాలో చేర్చింది. సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్న మనిషిని, అతని తరఫు ప్రతినిధి కోరిక మీద ఆస్పత్రిలో చేర్చేముందు ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు అలాంటి నర్సు కావచ్చు. ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన నిర్ణయమది. అంతటి బాధ్యతను చట్టం చేతికిచ్చిన నర్సుకు మనం ఎలాంటి శిక్షణ ఇస్తున్నాం? హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలోనో విశాఖ మానసిక ఆస్పత్రిలోనో కొన్ని వారాలు పోస్టింగు, గుంపుగా వార్డు చుట్టి రావడం, కేస్ షీట్ చూసి రికార్డు రాయడం. సంతకం పడుతుంది. ఆ నర్సింగ్ విద్యార్థిని ఒక రోగితో అరగంట ఒంటరిగా మాట్లాడిందా, ఆ మాటలు ఎవరైనా చదివారా అని అడిగేవారు ఉండరు.

మన వార్డుల్లో ఆ మాటలు చదివి చెప్పగలిగిన సీనియర్ సిస్టర్లు ఉన్నారు. రోగి గొంతు మారగానే పసిగట్టేవాళ్ళు. డ్యూటీ చార్టులో వాళ్ళకు నేర్పే గంట అంటూ ఒకటి లేదు, అంతే.

అందుకే ఈ ఉపన్యాసం ఏర్పాటుచేసిన ధర్మనిధి నిర్వాహకులకు నాదొక విన్నపం. వడ్డీలో కొంత పతకాలకు పోతుందని విన్నాను. ఒక్క ఏడాది ఆ డబ్బు అలాంటి ఇద్దరు సిస్టర్లకు గౌరవవేతనంగా ఇవ్వండి. వారానికి రెండు మధ్యాహ్నాలు వాళ్ళను వార్డు డ్యూటీ నుంచి తప్పించమని సూపరింటెండెంట్‌ గారిని అడగండి. ఒక్కొక్కరికి ఇద్దరేసి విద్యార్థినులు, మూడు గళ్ళ కాగితం, ఒక పెన్సిలు. సెమిస్టరు చివర ఆ కాగితాలు నాకు పంపితే ప్రతిదీ చదివి తిరిగి రాస్తాను.