నీళ్లు పోయకుండా ఉండటం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రిటైరై నందిగామలో ఏం చేస్తున్నావని పొద్దున్నుంచి చాలామంది అడిగారు. రాళ్లు పెంచుతున్నానంటే నవ్వారు. ఇదిగో, ఈ కుండీ చూడండి. ఈ గులకరాళ్లలో ఏడు రాళ్లు కావు, మొక్కలు. మన సైన్సు మాస్టారు ఇందాక రెంటినే పట్టుకుని, కళ్లద్దాలు మార్చుకోవాలన్నారు. తప్పు అద్దాలది కాదు మాస్టారూ.

వీటి పేరు లిథాప్స్. పుట్టిల్లు దక్షిణాఫ్రికా, నమీబియా ఎండు నేలలు. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు అక్కడ వింత గులకరాయి అనుకుని నేల మీంచి తీస్తే అది మొక్క. రాయి, రూపం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి 1922లో ఎన్.ఇ. బ్రౌన్ ఈ పేరు పెట్టాడు. ఒక్కోదానికి రెండే ఆకులు, మధ్యలో చీలిక. ఆ ఆకులే నీటి సంచులు. అక్కడి నేలలో మొక్క చాలావరకు మట్టిలోనే ఉంటుంది. పైకి కనిపించే భాగం కిటికీలా వెలుతురును లోపలికి దింపుతుంది. దాహంతో తిరిగే జంతువు కంటికి రాయిలా కనిపించడమే దానికి రక్ష.

ఎండల్లో పుట్టిన మొక్క కదా, మన జగ్గయ్యపేట, నందిగామ ఎండలకంటే దానికేం కావాలి అనుకున్నాను. పన్నెండు మొక్కలు తెప్పించి, మంచి నల్లరేగడి మట్టిలో ఎరువు కలిపి నాటాను. మే నెలలో ముడతలు పడ్డాయి. జాలేసి రోజూ సాయంత్రం చెంబుతో నీళ్లు పోశాను. వారం తిరక్కుండా, ముట్టుకుంటే వేలు లోపలికి దిగింది. పన్నెండూ పోయాయి.

చంపింది ఎండ కాదు, నేను. రాత్రిపూట కూడా వేడి దిగని మన వేసవిలో ఆ మొక్క నిద్రపోతుంది. నిద్రలో వేరు నీరు తాగదు, కుళ్లుతుంది. పైగా రేగడి తడి వదలదు.

రెండోసారి జల్లెడ పట్టిన బేబీ చిప్స్, మున్నేటి ముతక ఇసుక కలిపి మూడు వంతులు, మట్టి ఒక వంతు వేశాను. వేరు పొడుగు కాబట్టి లోతైన కుండీ తీసుకున్నాను. మధ్యాహ్నపు ఎండ, వాన తగలకుండా రేకు కింద పెట్టాను. వేసవి గడిచింది. చలికాలంలో చీలిక విచ్చుకుని లోపల కొత్త ఆకుల జత కనిపించింది. సంతోషం పట్టలేక మళ్లీ నీళ్లు పోశాను. అదే తప్పు. ఆ సమయంలో పాత ఆకులు తమలో ఉన్న నీళ్లన్నీ కొత్త జతకు ఇచ్చి, కాగితంలా ఎండి రాలాలి. పైనుంచి మనం పోస్తే పాతవి ఎండవు, కొత్తవి ఎదగవు. నాలుగు మొక్కలు పగిలిపోయాయి.

ఆ రాత్రి మా అబ్బాయి గుర్తొచ్చాడు. వాడి ఇంటర్ రెండేళ్లూ నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రతి లెక్కా వాడు మొదలుపెట్టకముందే నేను చెప్పేవాణ్ని. మార్కులు వచ్చాయి. కానీ వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

మాస్టారు నన్నలా పెంచలేదు. తొమ్మిదో తరగతిలో ధనంబోడు స్తూపం చూపించడానికి తీసుకెళ్లారు. దారిలో కంపల మధ్య నాలుగు పలకల కాడలున్న మొక్కను చూపించి, "ఇదేమిటో వారం తర్వాత చెప్పండి" అన్నారు. ఎంత బతిమాలినా చెప్పలేదు. చివరికి మేకలు కాసే తాత చెప్పాడు, కుందేటి కొమ్ములని. ఒక ముక్క తుంచి నమిలి చూపించాడు కూడా. ఆ మొక్క జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కారలుమా. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ రాసుకున్న 'కార్ అల్లం' అనే తెలుగు పేరులోంచే అది వచ్చింది. ఈ సంగతి చాలా ఏళ్లకు పుస్తకంలో చదివినప్పుడు, ఆ వారం రోజులు మాస్టారు నోరు ఎందుకు విప్పలేదో తెలిసింది.

మూడోసారి విత్తనాలు చల్లాను. దుమ్ములా సన్నగా ఉంటాయి. పూయడానికి మూడేళ్లు పైనే పట్టింది. పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం చీలికలోంచి పసుపు పువ్వు విచ్చింది, సాయంత్రానికి ముడుచుకుంది. ఫోన్లో మా అబ్బాయికి చూపించాను. కాసేపు చూసి, "నీళ్లు పోయకుండా ఉండగలిగావా నాన్నా?" అన్నాడు. ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నాం.

ఈ కుండీ బడికి ఇస్తున్నాను. దీని పక్కనే మన కుందేటి కొమ్ములు కూడా పెంచండి. ఎప్పుడు నీళ్లు పోయాలో పిల్లలకు ముందే చెప్పొద్దు. ఒకటి రెండు పోతాయి, పోనివ్వండి. వాళ్లే కనుక్కుంటారు.

సెలవు.