రిపేరు వ్యానులో ఏముండాలి?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠాలు చెప్పుకునే మాస్టారుకు మిక్సీలతో, ఫ్రిజ్‌లతో ఏం పని అని కొందరు మిత్రులు నవ్వారట. నవ్వదగిన మాటే. అయితే ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న మన కుర్రవాళ్లలో చాలామంది నా దగ్గర అలిఫ్ బే దిద్దినవాళ్లే. ఇళ్లకు వెళ్లి రిపేర్లు చేసేందుకు వాళ్లకొక వ్యాను కావాలనీ, సొసైటీ కర్జె హసన నిధి నుంచి వడ్డీలేని అప్పు ఇవ్వాలనీ ప్రతిపాదన ఈరోజు మీ ముందుకు వస్తున్నది. ఆ నిధి మీ అందరి చెమట. వ్యాను ఇవ్వండి, నేను కాదనను. కానీ డబ్బంతా వ్యానుకే పోసి, లోపల పెట్టే సరుకుకు ఏమీ మిగల్చకపోతే ఆ అప్పు తిరిగి రాదని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేసుకుంటాను.

ఇంటింటికీ వెళ్లి బాగుచేయడం మనవాళ్లకు కొత్త కాదు. తాతల కాలంలో కళాయి పూసే సాయిబు ఊరూరా తిరిగేవాడు. భుజాన తోలుతిత్తి, సంచిలో బొగ్గులు, తగరం, నవాసారం, కాస్త దూది. అరుగు పక్కన చిన్న గొయ్యి తీసి కొలిమి పెట్టి, ఇత్తడి గిన్నెలన్నీ తెల్లగా మెరిపించి పోయేవాడు. "తగరం అయిపోయింది, రేపు వస్తానమ్మా" అనవలసిన అవసరం అతనికి ఉండేది కాదు. ఒకటే పని, నాలుగే సరుకులు. ఇవాళ్టి మెకానిక్కు సంగతి అలా కాదు. ఒక్క ఇంట్లోనే ఫ్యాను, మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, వాషింగ్ మిషను, గీజరు, ఇస్త్రీపెట్టె. ఒక్కొక్కటి ఒక్కొక్క కంపెనీది. అన్నీ నింపాలంటే వ్యాను కాదు, గూడ్సు బండి కావాలి.

కువైట్‌లోనో దుబాయిలోనో ఏసీ పని చేసి కోనసీమకు తిరిగొచ్చిన పిల్లలకు పని తెలుసు. అక్కడ చాలామందికి కంపెనీ స్టోరు ఉండేది, చీటీ రాసిస్తే సామాను చేతికి వచ్చేది. ఇక్కడ స్టోర్ కీపరూ తనే, మెకానిక్కూ తనే. ఈ రెండో ఉద్యోగం ఎవరూ నేర్పలేదు.

మాస్టారును గనుక ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. ఒక మిక్సీ బాగుపడాలంటే కార్బన్ బ్రష్షులు, కప్లరు, జారు బుష్షు మూడూ మార్చాలనుకోండి. ఒక్కొక్కటి బండిలో ఉండే అవకాశం నూటికి 90 అనుకుందాం. వినడానికి బాగానే ఉంది కదా! కానీ మూడూ ఒకేసారి ఉండే అవకాశం నూటికి సుమారు 73 మాత్రమే. అటువంటి నూరు ఇళ్లలో తక్కిన 27 ఇళ్లకు మళ్లీ వెళ్లాల్సిందే. రెండున్నర భాగాలు ఉన్నాయని ఏ తల్లీ డబ్బులివ్వదు. గణిత శాస్త్రజ్ఞులు దీనికి 'రిపేర్ కిట్ సమస్య' అని పేరు పెట్టి 1980 నాటికే పత్రికల్లో చర్చించారు. మన కుర్రవాళ్లకు పేరు అక్కర్లేదు, నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి, ఒక చిన్న బుష్షు లేక వెనక్కి వచ్చి, మర్నాడు మళ్లీ పంటు ఎక్కితే చాలు, లెక్క అదే వంటబడుతుంది.

మరి ఏం పెట్టుకోవాలి? ముందుగా, అన్ని కంపెనీలకూ సరిపోయేవి. సీలింగు ఫ్యాను బేరింగులే తీసుకోండి. చాలా ఫ్యాన్లలో 6201, 6202 నంబర్లే ఉంటాయి. ఫ్యాను ఎవరిదైనా నంబరు మారదు, కొలత మారదు. కెపాసిటర్ సంగతీ అంతే, మనవాళ్లు దాన్ని కండెన్సర్ అంటారు. ఫ్యాను నీరసంగా తిరుగుతోందంటే ముందు దాన్నే చూడాలి. ఎక్కువ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది పడుతుంది. వోల్టేజి అంకె అసలుదానికంటే ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే ప్రమాదం. కాబట్టి 440 వోల్టులవే తెచ్చుకుంటే రెండు రకాలు కొనే పని తప్పుతుంది. కావలసిన విలువ లేనప్పుడు రెండు కండెన్సర్లను పక్కపక్కన కలిపితే వాటి విలువలు కూడతాయి. ఇటువంటి తెలివి ఉన్న మెకానిక్కు సగం సరుకుతోనే రెట్టింపు ఇళ్లు చూస్తాడు. వైరు, స్విచ్చులు, ప్లగ్గులు ఈ కోవలోవే. అయితే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాక, మామూలు ఫ్యానుకు 75 వాట్లు అయ్యే చోట 30 వాట్ల చిల్లరతో సరిపోతోంది గాని, వాటిలో పాతరకం కండెన్సరు వ్యవహారం లేదు, పోతే బోర్డు పోతుంది. ఆ బోర్డులు ముందే కొని దాచడం డబ్బు పాతిపెట్టడమే.

రెండోవి కంపెనీ సొంత భాగాలు. మిక్సీ కప్లరు, వాషింగ్ మిషను టైమరు, ఫ్రిజ్ డోరు గ్యాస్కెట్టు వంటివి. ఒకదానిది మరొకదానికి ఎక్కదు. వీటిని దుకాణం వాడు చెప్పినట్టు కొనకూడదు. హైదరాబాదు ట్రూప్ బజారుకో విజయవాడకో వెళ్తే చవకగా వచ్చిందని డజన్లు డజన్లు తెస్తారు. మన వీధుల్లో ఆ మోడలే లేకపోతే అవి పెట్టెలోనే ముసలివైపోతాయి. మన ఇళ్లలో ఏ మిషను ఉందో అదే ఈ సరుకు పట్టీ రాయాలి.

ఊరి వాతావరణం కూడా చూసుకోవాలి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఏసీ అవుట్‌డోరు యూనిట్ల స్క్రూలు, వైరు మొనలు తుప్పు పట్టిపోతాయి. అక్కడికి స్టెయిన్‌లెస్ స్క్రూలు లేకుండా వెళ్లకూడదు. ఎండాకాలం వోల్టేజి పడిపోతే ఫ్రిజ్ కంప్రెసరు స్టార్టు కాలేక మొరాయిస్తుంది, రిలే, ఓవర్‌లోడు పోతాయి. ఆ రెండూ జంటగా ఉంచుకోవాలి. ఇక వరదలు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినప్పుడు లంక గ్రామాల ఇళ్లు ఎన్ని మునిగాయో మీరెరుగుదురు. మునిగిన మోటారును ఆరబెట్టి, మెగ్గరుతో పరీక్షించి, బేరింగులు మార్చిన తర్వాతే కరెంటు ఇవ్వాలి. తొందరపడి స్విచ్చి వేస్తే మోటారే కాదు, మనిషీ పోతాడు. శ్రావణ భాద్రపదాల్లో బేరింగుల పెట్టె నిండుగా ఉండాలని నేననేది ఇందుకే.

గ్యాసు విషయంలో ఒక హెచ్చరిక. పాత ఫ్రిజ్‌ల ఆర్-12 గ్యాసు మన దేశంలో 2010 నాటికి నిలిచిపోయింది. తర్వాత ఆర్-134ఎ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-600ఎ. ఈ చివరిది మంట అంటుకునే గ్యాసు. దాన్ని మూసిన వ్యానులో మే నెల ఎండలో వదిలి భోజనానికి వెళ్లకూడదు. సిలిండరు నిలబెట్టి కట్టాలి, గాలి ఆడాలి, పక్కన టార్చి వెలిగించకూడదు. అన్నట్టు, ఎండకు రబ్బర్లూ గట్టిపడతాయి. గ్యాస్కెట్లు మడిచి కుక్కితే వంకర పోతాయి, వేలాడదీయాలి.

ఇక అమానత్ మాట. ఊడదీసిన పాత భాగం ఇంటివాళ్లది. అడిగినా అడక్కపోయినా వాళ్ల చేతిలో పెట్టాలి, వద్దంటే తీసుకోవాలి. డూప్లికేటు బిగిస్తే డూప్లికేటనే చెప్పాలి. ధాన్యపు రాశిలో చెయ్యిపెట్టి లోపలి తడిని బయటపెట్టిన మన ప్రవక్త (స) ఉదంతం మీకు తెలిసిందే. అలాగే జకాత్. వ్యాను మీద, పనిముట్ల మీద జకాత్ లేదు. అమ్మకానికి పెట్టిన స్పేరు పార్టులు మాత్రం వ్యాపార సరుకు. నిసాబు చేరి సంవత్సరం నిండితే ఆనాటి ధర కట్టి నూటికి రెండున్నర చొప్పున లెక్క చూడాలి. కస్టమరు మిషనులో మిగిలిపోయేది సరుకు కిందికి వస్తుంది, తుడిచి పారేసే ఎమరీ కాగితం, కిరసనాయిలు రావని మన హనఫీ పెద్దలు రంగరేజు రంగు, చాకలి సబ్బు ఉదాహరణలతో ఏనాడో చెప్పారు. సందేహముంటే ముఫ్తీ సాహెబును అడగండి, నన్ను కాదు.

కేంద్ర ప్రభుత్వం 2022లో బాగుచేయించుకునే హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టలు కూడా ప్రారంభించింది. మంచిదే. కానీ పోర్టలులో కప్లరు దొరకదు.

కనుక నా సూచన ఇది. కొత్త వ్యాను వద్దు, పాతది చూడండి, రంగులూ బోర్డులూ తర్వాత. ఇచ్చే అప్పులో మూడో వంతు సరుకుకే విడిగా ఉంచండి. అదీ ఒక్కసారి ఇవ్వవద్దు. మొదటి సగంతో అందరికీ సరిపోయే భాగాలు కొనాలి. మూడు నెలలు ఒక నోటు పుస్తకం రాయాలి. ఒక పక్క 'వాడినది', రెండో పక్క 'అడిగితే లేనిది'. ప్రతి గురువారం సాయంత్రం పెట్టెలు లెక్కపెట్టాలి. ఆ రెండో పక్క చూసి కార్యవర్గం రెండో సగం విడుదల చేయాలి. ఆరు నెలలుగా కదలనిదాన్ని నష్టానికైనా వదిలించుకోవాలి.

తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం. మిక్సీ ఎప్పుడు ఆగిందో, జారు ఎక్కడ కారుతోందో మగవాళ్లకంటే మీకే బాగా తెలుసు. బయట గుమ్మం దగ్గర మన పిల్లలు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. మీ ఇంట్లో ఏ మిషన్లు ఉన్నాయి, ఏ కంపెనీ, ఏ మోడలు, ఎన్నేళ్లయింది, ఏది మూలన పడి ఉంది అన్నవి తెలుగులోనో ఉర్దూలోనో రాసి ఇవ్వండి. మోడలు నంబరు గుర్తులేనివారు ఇంటికి వెళ్లి మిషను అడుగున చూసి, వచ్చే జుమా లోపల పంపించండి. వస్సలాం.