పచ్చని చెట్టులోని నిప్పు

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతినీ శుభాలనూ వర్షించుగాక!

అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా నాకు నేను, ఆ తర్వాత మీకు ఉపదేశిస్తున్నాను.

యాసీన్ సూరా చివరి ఆయతులు మనలో చాలామందికి కంఠస్థమే. శిథిలమైపోయిన ఎముకలను ఎవరు బ్రతికించగలరని ఎగతాళి చేసిన తిరస్కారికి అక్కడ సమాధానం ఉంది. ఆ సమాధానంలో ఒకచోట అల్లాహ్ పచ్చని చెట్టునూ, దాని నుండి మనిషి రాజేసుకునే నిప్పునూ నిదర్శనంగా చూపాడు. మర్ఖ్, అఫార్ అనే చెట్ల కొమ్మలను ఒకదానితో ఒకటి రాపాడించి అరబ్బులు నిప్పు పుట్టించేవారని వ్యాఖ్యాతలు వివరించారు. ఖుర్ఆన్ మార్గదర్శక గ్రంథం, విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకం కాదు. అయితే సృష్టిని చూసి యోచించమని అది మనల్ని పదేపదే పిలుస్తోంది. ఆ పిలుపుకు స్పందిస్తూ ఈ రోజు ఆ చెట్టు ముందు కాసేపు నిలబడదాం.

ఆకులో కంటికి కనిపించని హరితరేణువులు ఉన్నాయి. వాటిలోని పత్రహరితం సూర్యకాంతిని పట్టుకుంటుంది. ఆ కాంతి బలంతో నీటి అణువు విడిపోయి, అందులోని ప్రాణవాయువు గాలిలోకి వెలువడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే గింజలో పిండి, పండులో తీపి, కొమ్మలో కట్టె అవుతుంది. పొయ్యిలో కట్టె మండినప్పుడు మన చేతికి తగిలే వేడి ఆ చెట్టు ఒకనాడు దాచిపెట్టుకున్న ఎండే.

సోదరులారా! ఆ నిప్పు మన ఒంటిలోనూ ఉంది. మనం తిన్న అన్నం చక్కెరగా విడిపోయి కణాలకు చేరుతుంది. కణంలోని మైటోకాండ్రియాలలో, మనం పీల్చిన ప్రాణవాయువు సాయంతో అది నెమ్మదిగా, మెట్టుమెట్టుగా దహించబడుతుంది. మంట లేదు, పొగ లేదు. ఒక్కసారిగా మండితే కణం మాడిపోయేది. ఆ శక్తి చిన్న చిన్న మొత్తాలుగా ఏ.టి.పి. అనే అణువులలో నిలుస్తుంది. ఈ అణువును తయారుచేసే యంత్రం నిజంగానే చక్రంలా తిరుగుతుంది. ఒక చుట్టుకు మూడు అణువులు సిద్ధమవుతాయి. దాని పనితీరును వివరించినందుకు బోయర్, వాకర్ అనే శాస్త్రవేత్తలకు 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఈ ఏ.టి.పి.ని మొట్టమొదట గుర్తించినవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో దీనిని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. మానవ కండరంలో ఈ రహస్యం ఏనాటి నుండో ఉంది. మనిషికి తెలిసి ఇంకా నూరేళ్ళు కూడా నిండలేదు.

ఇప్పుడు ఒక లెక్క వినండి. ఏ క్షణంలోనైనా మన దేహంలో ఉండే ఏ.టి.పి. పిడికెడుకు మించదు. కాని ఒక రోజులో మనం వాడుకునేది సుమారు మన శరీరం బరువంత ఉంటుందని అంచనా. అంటే ఒక్కొక్క అణువు రోజుకు వందలసార్లు ఖర్చయి, మళ్ళీ నిండుతోంది. మనం నిద్రలో ఉన్నా, పాపంలో ఉన్నా, మన ప్రభువు ఆ సరఫరాను ఆపలేదు.

అది ఆగితే ఏమవుతుందో మయ్యిత్‌కు గుస్ల్ ఇచ్చినవారికి తెలుసు. ప్రాణం పోయిన కొన్ని గంటలకే కీళ్ళు బిగుసుకుపోతాయి. కండరం బిగియడానికే కాదు, సడలడానికీ ఏ.టి.పి. కావాలి. శ్వాస ఆగింది, సరఫరా ఆగింది, ఇక ఆ చెయ్యి దానంతటది సడలదు. అతని ఇంట్లో బియ్యం బస్తాలున్నాయి, బ్యాంకులో డబ్బుంది. ఒక్క వేలిని సడలించడానికి అవేవీ పనికిరావు.

కనుక ఈ శక్తి మన సొత్తు కాదు, క్షణక్షణం చేతికందే అమానత్. ప్రతి అనుగ్రహాన్ని గురించీ విచారణ ఉందని తకాసుర్ సూరా హెచ్చరించింది. ఫజ్ర్ వేళ లేవడానికి ఓపిక లేదనే మనకు, అర్ధరాత్రి దాకా ఫోను చూడడానికి ఓపిక ఎక్కడి నుండి వచ్చింది? పరుల పరువు తీసే నాలుక కదిలింది ఎవరిచ్చిన శక్తితో? వలీమా విందులలో సగం తిని వదిలేసిన పళ్ళేలను చూడండి. ఆ మెతుకుల్లో నెలల తరబడి పైరు పట్టిన ఎండ ఉంది, రైతు చెమట ఉంది. వాటిని చెత్తకుప్పలో పారబోసి, పక్క వీధిలో పస్తున్నవారిని మరచిపోతే రేపు ఏమని జవాబు చెబుతాం? పొరుగువాడు ఆకలితో ఉండగా కడుపు నింపుకునేవాని విశ్వాసాన్ని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. పొట్టలో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు వదలమని బోధించారు. విశ్వాసి నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని ఖాతాలో సదఖా అవుతుందని శుభవార్త వినిపించారు.

సోదరులారా! ఈ వారం మూడు పనులు చేద్దాం. పళ్ళెంలో తినగలిగినంతే వడ్డించుకుందాం. ఆకలితో ఉన్న ఒక్క ఇంటికైనా అన్నం చేరవేద్దాం. ఇంటి ముందో, మస్జిద్ ఆవరణలోనో ఒక మొక్క నాటుదాం.

ఓ అల్లాహ్! నీవిచ్చిన శక్తిని నీ విధేయతలోనే ఖర్చు చేసే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. మా చేతులు బిగుసుకుపోయే రోజు రాకముందే వాటిని దానానికి తెరిపించు. వ్యాధిగ్రస్తులకు బలాన్నీ, ఆకలిగొన్నవారికి అన్నాన్నీ, మరణించిన మా పెద్దలకు మన్నింపునూ అనుగ్రహించు. ఆమీన్.